కొండ ఎక్కడికీ పోదు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో కొంతసేపు మాట్లాడవలసినదని కార్యదర్శిగారు సెలవిచ్చినప్పుడు, విషయమేమిటని అడిగినాను. "మీ ఇష్టమే గాని, సాహిత్యము మీద ఇదివరకే ముగ్గురు పేర్లిచ్చినారు" అన్నారు. ఆ మాటలోని హెచ్చరికను గ్రహించి, సాహిత్యము జోలికి పోక, కొండ మీదికి పరుగెత్తుట అను విషయమును ఎన్నుకొన్నాను. ఫైళ్ళ మధ్య ముప్పది ఏండ్లు కూర్చున్నవాడు పరుగును గురించి చెప్పుటేమిటని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. ఆ నవ్వు న్యాయమైనదే. అయినను, పరుగెత్తలేకపోయినవానికి కూడ పరుగును గురించి చెప్పదగినది కొంత ఉండునని నా మనవి.

ముందుగా నా అనర్హతను నేనే ఒప్పుకొందును. నేను 26 సంవత్సరములు సిగరెట్టు త్రాగినవాడను. మా కార్యాలయములో రెండవ అంతస్తుకును మూడవ అంతస్తుకును నడుమ మెట్ల మలుపు ఒకటి ఉండేది. పదకొండు గంటలకు ఒకసారి, మూడున్నరకు ఒకసారి నలుగురము అక్కడ చేరేవారము. బదిలీలు, పదోన్నతులు, కరువు భత్యము సమస్తమును ఆ పొగలోనే చర్చకు వచ్చేవి. 2008 అక్టోబరు 2 నుండి దేశములో బహిరంగ స్థలములందు ధూమపానము నిషేధింపబడినది. మేము చట్టమునకు తలవంచి మెట్ల మలుపును విడిచి, గేటు వెలుపలి టీ బండి వద్దకు మారినాము. అలవాటు మాత్రము మారలేదు.

ఆ మరుసటి సంవత్సరము సెలవులో మా అమ్మను తీసికొని తిరుపతి వెళ్ళినాను. ఆమెకు అప్పటికి 71 ఏండ్లు. బస్సులో కొండ ఎక్కుదమన్నాను. "కాళ్ళున్నంత కాలము నడిచే వస్తానని మొక్కుకొన్నాను" అన్నది. అలిపిరి నుండి బయలుదేరినాము. అలిపిరి దారిలో మెట్లు సుమారు 3,550. మొదటి రెండు మూడు వందల మెట్లు నేను ముందు, అమ్మ వెనుక. "నెమ్మదిగా రామ్మా" అని వెనుదిరిగి చెప్పుచుంటిని. గాలిగోపురము ఇంకను కొంత దూరమున ఉండగానే నా గుండె చెవులలో కొట్టుకొనసాగినది. నోరు తెరచినను ఊపిరి చాలలేదు. ఒక మెట్టు మీద కూలబడినాను. అమ్మ గోవింద నామము చెప్పుకొనుచు, అదే నడకతో, ఒక మెట్టుకు ఒక మాట చొప్పున వచ్చి నా ప్రక్కన నిలిచినది. తిట్టలేదు. కొంగుతో నా ముఖము తుడిచి, "కూర్చో నాయనా. కొండ ఎక్కడికీ పోదు" అన్నది.

ఆ మాట నాతో నిలిచిపోయినది. కొన్నాళ్ళకు అమెరికాలోని ఒక పర్వతపు పరుగు పందెమును గూర్చి చదివినప్పుడు ఆ మాటకు అర్థము మరికొంత తెలిసినది. ఆ కథయే ఈనాటి నా ప్రసంగ విషయము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో కొలరాడో రాష్ట్రమున, రాకీ పర్వతముల తూర్పు అంచున, పైక్స్ పీక్ అను శిఖరము కలదు. ఎత్తు 14,115 అడుగులు. తూర్పున మైదానము నుండి వచ్చువారికి ఎంతో దూరము నుండియే కనబడును. అక్కడి ఆదివాసులైన యూట్ జాతివారు దానిని సూర్యుని పేరిట తవా అని పిలిచినారు. నేటి పేరు జెబులాన్ పైక్ అను సైనికాధికారి వలన వచ్చినది. ఆయన 1806 నవంబరులో ఈ శిఖరమును చూచి, కొద్దిమంది సైనికులతో ఎక్కబూనినాడు. పలుచని దుస్తులు, కాళ్ళకు మేజోళ్ళు లేవు, నడుము లోతు మంచు. వేరొక చిన్న కొండ మీది నుండియే వెనుదిరిగినాడు. ఆ పరిస్థితులలో మానవమాత్రుడెవ్వడును ఆ శిఖరమును ఎక్కజాలడని తన దినచర్యలో వ్రాసికొన్నాడు. పదునాలుగేండ్లు గడవకముందే, 1820లో, ఎడ్విన్ జేమ్స్ అను వృక్షశాస్త్రజ్ఞుడు దానిని ఎక్కినాడు. 1858లో జూలియా ఆర్చిబాల్డ్ హోమ్స్ అను ఇరువదేండ్ల యువతి శిఖరము చేరినది. పొడుగు గౌనును మాని సలువారు వంటి దుస్తులు ధరించుట ఆ కాలమున పెద్ద సాహసము. కొండ ఎక్కుట దాని తరువాతి సాహసము.

చిత్రమేమనగా, శిఖరమునకు ఎక్కినవారి పేరు రాలేదు. ఎక్కలేక వెనుదిరిగినవాని పేరే నిలిచినది. కార్యాలయములలో పనిచేసిన మనకు ఇది అంత వింతగా తోచదనుకొందును.

1891 నుండి ఆ శిఖరము మీదికి పండ్ల చక్రములతో నడచు రైలు ఉన్నది. 20వ శతాబ్దపు రెండవ దశాబ్దము నుండి మోటారు బాట కూడ ఉన్నది. అనగా పైకి చేరుటకు ఎవరును నడువ నక్కరలేదు. అయినను ఫ్రెడ్ బార్ అను ఆయన అదే కాలమున, యాత్రికులను గాడిదలపై తీసికొనిపోవుటకు ఒక కాలిబాటను తొలిపించినాడు. నేటికిని అది బార్ ట్రెయిల్ అను పేరనే ఉన్నది. మన పందెము జరుగునది ఆ బాట మీదనే.

పందెము పుట్టిన కారణము నా వంటివానికి చెంపపెట్టు. పైక్ ఆ శిఖరమును చూచి 150 ఏండ్లు నిండిన 1956లో ఆర్న్ సువోమినెన్ అను వైద్యుడు సిగరెట్టు త్రాగువారికి ఒక సవాలు విసరినాడు. మీరును మేమును కలిసి ఈ కొండ ఎక్కి దిగుదము, ఎవరి ఊపిరితిత్తులు ఏపాటివో తేలునన్నాడు. ఆ కాలమును గుర్తు తెచ్చుకొనవలెను. పొగాకునకును ఊపిరితిత్తుల పుట్టకురుపునకును గల సంబంధమును ఇంగ్లండులో డాల్, హిల్ అను శాస్త్రజ్ఞులు 1950లోనే చూపించినారు. కాని అమెరికా ప్రభుత్వ ప్రధాన వైద్యాధికారి నివేదిక వెలువడుటకు 1964 వరకు ఆగవలసి వచ్చినది. ఆ నడిమి కాలములో ఈ వైద్యుడు వాదమును కాగితముల మీద గాక కొండ మీద తేల్చుకొన దలచినాడు.

మొత్తము 13 మంది బయలుదేరినారు. వారిలో ముగ్గురు సిగరెట్టు త్రాగువారు. ఎక్కి, తిరిగి దిగి, పందెమును పూర్తి చేసినవారు నలుగురే. ఆ నలుగురిలో పొగ త్రాగువాడు ఒక్కడును లేడు. ప్రథముడు మాంటీ వుల్ఫర్డ్, శాకాహారి. వైద్యుడు గెలిచినట్లే కదా! కాని కథలో ఒక మెలిక ఉన్నది. పొగ త్రాగువారిలో ఒకడు శిఖరమునకు సవాలు విసరిన వైద్యుని కంటె ముందే చేరినాడు. దిగివచ్చుట మాత్రము పూర్తిచేయలేదు. కాబట్టి ఇరుపక్షములకును చెప్పుకొనుటకు ఏదో ఒకటి మిగిలినది. 13 మందితో ఒక శాస్త్రసత్యము తేలదు. అది డాల్, హిల్ వంటివారు వేలమందిని ఏండ్ల తరబడి గమనించి తేల్చవలసినది. కొండ మీద తేలినది మరొకటి. ఎవరెంతటివారైనను అక్కడ తమ ఊపిరితోనే ఎక్కవలెను. పందెము వేసిన కారణమును జనము మరచినారు గాని పందెమును మరువలేదు. నాటి నుండి అది ఏటేట జరుగుచు వచ్చినది. కొండ ఎక్కి దిగు మారథాను ఒకటి, శిఖరము వరకు ఎక్కుటతో ముగియు ఆరోహణ పందెము మరొకటి. పూర్వము ఆగస్టులో జరిగేవి, ఇటీవలి సంవత్సరములలో సెప్టెంబరులో జరుగుచున్నవి.

ఆరోహణ పందెము లెక్కలు కొంచెము చెప్పెదను. లెక్కలు మన వృత్తి కనుక మీకు విసుగు కలుగదని నమ్మకము. మానిటూ స్ప్రింగ్స్ అను చిన్న పట్టణములో, సుమారు 6,300 అడుగుల ఎత్తున, పరుగు మొదలగును. దూరము 13.3 మైళ్ళు. ఎక్కు ఎత్తు 7,815 అడుగులు. ఒక్కొక్క అంతస్తు 12 అడుగులనుకొంటే, ఇది సుమారు 650 అంతస్తుల మేడ ఎక్కుటతో సమానము. 60 కిలోల మనిషి తన బరువును అంత ఎత్తునకు చేర్చుటకే సుమారు 335 కేలరీల పని జరుగవలెను. మన కండరములు తిన్న శక్తిలో దాదాపు నాలుగవ వంతునే పనిగా మార్చును. మిగిలినది వేడియై పోవును. కనుక ఒక్క ఎత్తునకే 1,300 కేలరీలకు పైగా ఖర్చు.

పైకి పోయినకొలది గాలి పలుచనగును. శిఖరము మీద వాయుపీడనము సముద్రతీరమున ఉన్నదానిలో సుమారు అయిదింట మూడు వంతులే. గాలిలో ప్రాణవాయువు పాలు మారదు గాని, ఒక్కొక్క ఊపిరిలో అందునది ఆ మేరకు తగ్గును. మన మైదానపు పరుగులో అలసట చివరి మైళ్ళలో వచ్చును, గాలి మాత్రము మొదట ఎట్లున్నదో చివరకును అట్లే ఉండును. ఇక్కడ అలసట పెరుగుచుండగా గాలియు తరుగుచుండును. జమ తగ్గుచు ఖర్చు పెరుగుచు పోవు పద్దు వంటిదిది.

బాట మొదటి మైళ్ళలో మెలికలు తిరుగుచు అడవిలో నిట్టగా ఎక్కును. సుమారు 10,200 అడుగుల వద్ద బార్ క్యాంప్ అను మజిలీ ఉన్నది. 12,000 అడుగుల సమీపమున చెట్లు ఆగిపోవును. అక్కడి నుండి శిఖరము వరకు 3 మైళ్ళు రాళ్ళు, ఆకాశము తప్ప వేరొకటి లేదు. శిఖరము కనబడుచునే ఉండును, దగ్గరకు మాత్రము రాదు. సామాన్యునికి ఇక్కడ ఒక్కొక్క మైలు అరగంట పట్టుట వింత కాదు. చిట్టచివర పదహారు బంగారు మెట్లు అను అర్థము వచ్చు పేరుగల మలుపులు ఉన్నవి. మెట్లన్నది పేరునకే. అవి పెద్ద బండల మధ్య ఇటును అటును తిరుగు మలుపు జంటలు. బంగారము ఏ మాత్రమును లేదు.

ఇక ముఖ్యమైన సంగతి. పరుగు పందెమని పేరే గాని, పాల్గొనువారిలో ఎక్కువమంది పై భాగములో నడుచుదురు. రెండు చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ముందుకు వంగి, అడుగు వెనుక అడుగు వేయుదురు. ఇది ఓటమి కాదు. కొలరాడో విశ్వవిద్యాలయమువారు యంత్రపు పట్టాల మీద పరుగువారిని ఎక్కించి పరిశోధించి, నిట్టవాలు మీద ఒకే కాలములో ఒకే ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు, పరుగు కంటె నడకకే శక్తి తక్కువ ఖర్చగునని 2016లో ప్రకటించినారు. అనగా మా అమ్మ అలిపిరి మెట్ల మీద చేసినది శాస్త్రసమ్మతమే. ఒక మెట్టుకు ఒక నామము. నామము చెప్పుటకు ఊపిరి చాలకపోయినచో అడుగు ఎక్కువ వేగముగా పడుచున్నదన్నమాట. నేటి శిక్షకులును అదే చెప్పుదురు. మాట్లాడగలిగినంత వేగముననే దీర్ఘమైన ఎక్కుడు సాగవలెను. నేను చేసినది మొదటి మూడు వందల మెట్లలోనే నా మూలధనమును వ్రేలార్చుట.

ఈ కొండను గూర్చి చెప్పుచు ఆర్లీన్ పైపర్ అను గృహిణి సంగతి చెప్పకపోయినచో ప్రసంగము అసంపూర్ణమగును. ఆమె భర్తతో కలిసి అక్కడి పట్టణములో ఒక వ్యాయామశాల నడుపుచుండెడిది. వ్యాయామశాలకు ప్రచారము కలుగునని 1959లో ఈ మారథానులో పాల్గొన్నది. అప్పుడామెకు 29 ఏండ్లు. తొమ్మిదేండ్ల కుమార్తె తల్లితోపాటు శిఖరము వరకు ఎక్కినది. తల్లి అక్కడ నుండి దిగి 9 గంటల 16 నిమిషములకు పందెము పూర్తి చేసినది. ఆ కాలమున ఆ దేశములో పెద్ద మారథానులలో స్త్రీలకు ప్రవేశము లేదు. ప్రసిద్ధమైన బోస్టన్ మారథానులో స్త్రీలను అధికారికముగా అనుమతించినది 1972లో. ఈ కొండ పందెములో మాత్రము ఆమెను ఎవరును ఆపలేదు. ఆమె ఇంటికి వెళ్ళి తన పని తాను చేసికొన్నది.

యాభై ఏండ్లు గడచినవి. 2009లో పందెపు నిర్వాహకులు పాత పట్టికలు తిరుగవేయుచు ఆమెను వెదకి పట్టుకొన్నారు. ఆ దేశములో అధికారికముగా మారథాను పూర్తి చేసిన మొదటి స్త్రీ తానేనని వారు చెప్పువరకు ఆమెకు తెలియనే తెలియదు! 2021లో ఆమె మరణించునాటికి ఆ గౌరవము ఆమెకు దక్కియున్నది. ఆలస్యముగానైనను ఒక పట్టికలో వ్రాసిపెట్టిన పేరు ఆమెను నిలబెట్టినది. ఫైళ్ళు భద్రపరచు ఉద్యోగమును చులకనగా చూచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెనని నా విన్నపము.

వేగవంతుల మాటయు చెప్పవలెను. 1993లో మాట్ కార్పెంటర్ అను ఆయన శిఖరమును 2 గంటల 1 నిమిషము 6 సెకనులలో చేరినాడు. ఆ అంకె ముప్పది ఏండ్లు కదలలేదు. 2023లో స్విట్జర్లాండునకు చెందిన రెమి బొనే 2 గంటల 20 సెకనులలో చేరి దానిని దాటినాడు. అనగా నిమిషమునకు 65 అడుగుల ఎత్తు, రెండు గంటలపాటు! ముప్పది ఏండ్ల శ్రమకు లభించినది 46 సెకనులు. అదే బాట మీద అదే రోజున ఆరు గంటలు దాటి చేరువారును ఉందురు. వారికిని అదే శిఖరము, అదే గాలి.

నడుమ నడుమ గడువు కేంద్రములు ఉన్నవి. నిర్ణీత కాలములోగా చేరనివారిని అక్కడనే నిలిపివేయుదురు. ఇది కఠినముగా తోచును. కాని ఆ కొండ మీద మధ్యాహ్నము ఉరుములు మెరుపులు తరచుగా వచ్చును. చెట్లు లేని చోట మనిషియే ఎత్తైన వస్తువు. 2008లో వడగండ్లు, మెరుపులు ముంచుకొని వచ్చి, ఎందరినో మధ్యలోనే వెనుకకు మరలించినారు. నెలల తరబడి సాధన చేసి, దూరదేశముల నుండి వచ్చి, శిఖరము కనబడుచుండగా తిరుగుముఖము పట్టిన వారి మనసు ఎట్లుండునో ఊహింపుడు. అయినను వారు ప్రాణములతో దిగినారు. పైక్ మహాశయుడును ఆనాడు వెనుదిరుగబట్టియే తన దినచర్య వ్రాయగలిగినాడు. ఎక్కుట ఎంత విద్యయో, ఎక్కడ ఆగవలెనో తెలియుటయు అంత విద్య.

మిత్రులారా, ఇక నా సంగతితో ముగించెదను. అలిపిరి మెట్ల మీద కూర్చున్న ఆ పూట నేను మారిపోయినానని చెప్పినచో కథ చక్కగా ఉండును. కాని అది నిజము కాదు. కొండ దిగిన సాయంకాలమే మరల ఒకటి వెలిగించినాను. టీ బండి వద్దకు చేరు మా నలుగురిలో ఒకరు, నాకంటె చిన్నవాడు, పదవీ విరమణ చూడకుండనే గుండెపోటుతో పోయినాడు. ఆయన పింఛను కాగితములు నా బల్ల మీదికే వచ్చినవి. కుటుంబసభ్యుల పట్టికలో ఇద్దరు పిల్లల పుట్టిన తేదీలు సరిచూచి సంతకము పెట్టినాను. ఆ దినమున మూడున్నర గంటలకు నేను గేటు దాటలేదు. మరునాడు దాటినాను. ఆ మరునాడు మానినాను. అట్లు మానుచు, తప్పుచు, పూర్తిగా విడుచుటకు నాకు రెండేండ్లు పట్టినది. అదియు ఒక ఎక్కుడే. అందులోను ముందుగా పరుగెత్తినవాడు కూలబడును.

2016లో మరల అలిపిరి నుండి నడచినాను. అప్పటికి అమ్మ లేదు. మెట్టుకు ఒక నామము చొప్పున చెప్పుకొనుచు ఎక్కినాను. అయిదు గంటలు పట్టినది. కుర్రవాళ్ళు రెండేసి మెట్లు చొప్పున దూకుచు నన్ను దాటిపోయినారు. వారిలో కొందరు గాలిగోపురము వద్ద చతికిలబడి నాకు మరల కనబడినారు. నేను పూర్వము కూర్చున్న మెట్టు ఏదో గుర్తింపలేకపోయినాను. అన్ని మెట్లును ఒకే తీరుగా ఉన్నవి. అందుచేత ఎక్కడను కూర్చొనక పోయినాను.

ఈ సంఘములో చిన్న వయస్సువారు పలువురు ఉన్నారు. మీలో ఎవరైనను ఏనాడైనను ఆ కొలరాడో కొండకు పరుగెత్తగలిగినచో మాకు గర్వకారణము. లేకున్నను చింత లేదు. రేపు ఉదయము కార్యాలయమునకు వచ్చినప్పుడు లిఫ్టు వద్ద వరుసలో నిలువక, మెట్ల దారి పట్టుడు. రెండవ అంతస్తుకును మూడవ అంతస్తుకును నడుమ మలుపులో ఎవరైనను ఆయాసపడుచు నిలిచియుండినచో, వారికి ఉపదేశము చేయవలదు. ప్రక్కన ఒక నిమిషము నిలువుడు. మా అమ్మ నాకు చేసినది అంతే.